అలికేసిన పదకొండు తడికలు

నా చిన్నప్పుడు ఒక్క పూటలో మేము పోగొట్టుకున్నవి ఇవి: నెమళ్ల బొమ్మ ఒకటి, వేటవి రెండు, వరికోతది ఒకటి, థింసా ఆడే ఆడవాళ్లవి మూడు, సొరంగంలోకి దూరే రైలుది ఒకటి, సంతవి రెండు, చివరగా ఒక పిల్లది. మొత్తం పదకొండు. బడిలో నేను రెండో తరగతి దాటలేదు. లెక్కలు తర్వాత సొంతంగా నేర్చుకున్నాను. ఈ కూడిక మాత్రం అప్పుడే వచ్చేసింది.

మా పెద్దమ్మ ఇళ్ల గోడల మీద బొమ్మలు వేసేది. బియ్యప్పిండి తెలుపు, బొగ్గు నలుపు, చివర నమిలిన వెదురుపుల్ల, అంతే ఆమె సరంజామా. మా కొండమీద పండగొచ్చినా, చుట్టాలొచ్చినా పాత బొమ్మ మీద ఎర్రమట్టి అలికేస్తారు. అలకడం ఊరి ఆడవాళ్ల వంతు, ఆరాక గీయడం పెద్దమ్మ వంతు. ఏ బొమ్మా ఏడాది దాటి బతకదు. దానికి ఎవరూ బాధపడరు కూడా.

మిషను బడి టీచరమ్మ ఒక రోజు వచ్చి, బొర్రా గుహలు చూడ్డానికి రైల్లో వచ్చేవాళ్లకు ఈ బొమ్మలు చూపిద్దామంది. గోడల్ని మోసుకెళ్లలేం కదా. అందుకని పెద్దమ్మ వెదురు తడికలు అల్లించి, పశువుల పాకలో ఒక్కతే కూర్చుని మట్టి మెత్తి, ఆ చలికాలమంతా గీసింది. నేను నీళ్లు అందించేదాన్ని. చివరి తడిక మీద వేసింది మా అక్కను, అంటే తన కూతుర్ని. నాకంటే రెండేళ్లు పెద్ద. అంతకు ముందు వానల్లో జ్వరంతో పోయింది. ఆమెది ఒక్క ఫొటో కూడా లేదు. గోడ మీద వేస్తే ఏడాదికి అలికేస్తారని పెద్దమ్మ అక్కను ఎప్పుడూ గోడ మీద వేయలేదు. తడికైతే ఉండిపోతుందనుకుంది.

బడి హాల్లో తడికలు నిలబెట్టిన రోజు నాకు బాగా గుర్తు. మొత్తం పదమూడు గీస్తే రెండు పక్కన పెట్టేసింది. అన్నీ పెడదామని టీచరమ్మ అంటే, "ఇరుకైపోతాది టీచరమ్మా. సూసినోడు నిలబడాల, ఎనక్కి తగ్గాల" అంది. తడికకీ తడికకీ మధ్య రెండు బారలు వదలమని నా చేత కొలిపించింది. నన్ను నేల మీద కూర్చోబెట్టి, "ఏటే గుంటా, కూకుంటే కనబడతందా?" అని అడిగి, కనబడలేదంటే తడికను కిందికి దించింది. టీచరమ్మ వెళ్లిపోయాక చీకటి పడేలోపు పదకొండోదిగా అక్క తడిక తెచ్చి తలుపు పక్కన పెట్టింది. పొద్దుటి వెలుగు ముందు దాని మీదే పడుతుంది.

మర్నాడు డుంబ్రిగుడ సంత. ఆ మర్నాడు ప్రదర్శన. పెద్దమ్మా నేనూ సంతకు వెళ్లి డప్పు కొట్టించాం. టీచరమ్మ స్టేషన్లో కాగితాలు అంటించడానికి వెళ్లింది. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి హాలు ముందు మా ఊరి ఆడవాళ్లు మోచేతుల దాకా ఎర్రమట్టితో నవ్వుతూ కూర్చుని ఉన్నారు. లోపల పదకొండు తడికలూ తడితడిగా, నున్నగా, ఎర్రగా ఉన్నాయి.

పక్కింటి మామ్మ అందరికంటే ముందు లేచింది. "రేపు చుట్టాలొత్తారంట కదే. పాతయి అలాగే ఉంచేసినావు. నీ ఒక్కదానివల్ల ఏటవుద్ది? మా వంతు మేం సేసినాం, నువ్వు బేగి గీసుకో" అంది. ఆ ముసలి వయసులో మోకాళ్ల మీద కూర్చుని తలుపు పక్క తడిక ఆమే అలికిందట. అది తన చేత్తోనే అలకాలని పట్టుబట్టిందట.

నేను నోరు తెరవబోతే పెద్దమ్మ నా భుజం పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. తలుపు దాకా నడిచి, ఆ తడిక మీద అరచెయ్యి ఆనించింది.

"బాగా అలికినావు మామ్మా. ఒక్క బీట లేదు" అంది.

ఇంటికి నడుస్తుంటే ఏడ్చింది. మలుపు దాటాక, ఎవరికీ వినబడని చోట. ఏడుపు ఆగాక నాతో అంది, "సంతలో అందర్నీ పిలిసినాను. రైలోల్లని పిలిసినాను. మనోల్లని పిలవనేదు. ఆల్లకి ముందు సూపించుంటే ఆల్లే కాపు కాసేవోరు. మామ్మకి సెప్పకు. తెలిస్తే ఆ సెయ్యి ఇంక అన్నం కలపదు."

మర్నాడు ఏడుగురు టూరిస్టులు వచ్చారు. ఎర్ర తడికలు చూసి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్దమ్మ మా ఆడవాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టి, అందరి ఎదుటా నెమళ్లు గీయడం మొదలుపెట్టింది. రైలు వేళయి వాళ్లు వెళ్లిపోయినా ఆపలేదు. తర్వాత ఒక్కొక్కటిగా పది తడికలు తిరిగి గీసింది. పదకొండోదాని ముందు పుల్ల పట్టుకుని కూర్చునేది, లేచిపోయేది. మామ్మ పోయింది, ఏమీ తెలియకుండానే. పెద్దమ్మ కూడా పోయింది.

ఇప్పుడు మా కొండల పిల్లలు గుడ్డ మీద, అట్ట మీద గీసి అరకులో, విశాఖలో ప్రదర్శనలు పెడుతున్నారు. హాలు కొలవడానికి నన్ను పిలుస్తారు. ఎన్ని పెట్టాలో, ఎంత ఎడం వదలాలో, ఏ కిటికీ వెలుగు ఎంతసేపుంటుందో లెక్కకట్టి చెబుతాను. కార్డులు అచ్చు వేయించకముందే ఒక సాయంత్రం మీ అమ్మల్నీ, ఇరుగుపొరుగునీ పిలిచి చూపించండని చెబుతాను. ఎందుకని ఎవరైనా అడిగితే, అది మా ఇంటి పద్ధతి అంటాను.

ఇంట్లో ఒక్కోసారి నేనే పుల్ల పడతాను. ఆ తడిక కొలతలు నాకు తెలుసు. అక్క నిలువు నాలుగు జానలు, జడ జానెడు, చేతిలో మేకపిల్ల బెత్తెడు. అన్నీ సరిగ్గా వస్తాయి. ముఖం దగ్గర చెయ్యి ఆగిపోతుంది. ఎంత తలుచుకున్నా ఆ ముఖం నాకు గుర్తు రావడం లేదు.

పదకొండులో పది వచ్చాయి. ఒకటి ఇంకా రావాలి.