రికార్డుల గదిలో మూలపురుషుడు

ఆ ఆసుపత్రి రికార్డుల గదిలో పెద్ద కోడరుగారికి ఒక్కటే పిచ్చి. ఏ సంగతి చెవిన పడినా దాని మూలం తేలేదాకా ఆయన ముద్ద మింగరు, ఎదుటివాళ్లను మింగనివ్వరు. అందుకే ఆసుపత్రి ఆసుపత్రంతా ఆయన్ని చాటుగా మూలపురుషుడు అనేది. ఎదురుగా అంటే, ఆ పేరు పెట్టడానికి మూలం ఎవరని విచారణ మొదలెడతారని భయం.

ఆయన పక్క బల్ల దగ్గర కూర్చునే రెండో కోడరు స్వయానా ఆయన మరదలు. ఇంట్లో అక్క, ఆఫీసులో తను, ఈ మనిషిని ఇద్దరం షిఫ్టుల వారీగా భరిస్తున్నామని ఆమె అందరితో చెప్పుకునేది.

ఒకసారి అక్క వంటింట్లోంచి కేకేసింది. "ఏవండీ, నీళ్లు కారిపోతున్నాయి!"

"కారడం లక్షణం. మూలం చెప్పు."

"మూలం చెప్పేలోగా మీ చెప్పులు వీధిలోకి ఈదుకుంటూ పోతాయి!"

ఆయన టార్చిలైటు పట్టుకుని గొట్టం వెంట గొట్టం పాకి, గంట తర్వాత చీలమండల లోతు నీళ్లలో లేచి నిలబడి, తీర్పు చెప్పారు. "మూలం నేనే. పోయినేడు ఈ నట్టు నేనే బిగించాను." దాన్ని ఇప్పుడు బిగించొచ్చన్న ఆలోచన మాత్రం అక్కకే వచ్చింది.

ఆ పిచ్చికి తగ్గ ఉద్యోగమే దొరికింది ఆయనకు. డాక్టర్లు ఫైల్లో రాసిన జబ్బును లావుపాటి పుస్తకంలో వెతికి, దానికి తగిన అక్షరాలూ అంకెలూ వేయడం కోడరు పని. ఆ కోడుకు పుస్తకం పెట్టిన పేరే రోగి చేతికిచ్చే కాగితం మీద అచ్చవుతుంది. చాలా కోడులు తమ కాళ్ల మీద తాము నిలబడతాయి. కొన్ని మాత్రం పెద్దవాళ్ల చెయ్యి పట్టుకోనిదే రోడ్డు దాటని పిల్లల్లాంటివి. నరాల జబ్బు వల్ల నడక తూలితే వేసే కోడు అలాంటిదే. దాని పక్కన పుస్తకంలో ఉంటుంది: ముందు మూలవ్యాధి, అంటే దానికి మూలమైన అసలు జబ్బు, రాయాలి. తెలుగులో మూలవ్యాధి అంటే మొలలు కూడానన్న ఇంగితం ఆ పుస్తకానికీ లేదు, ఆయనకూ లేదు.

ఒక సోమవారం ఒక డ్రాయింగు టీచరమ్మ ఫైలు వచ్చింది. నరాల డాక్టరు అందులో ఒకే ముక్క రాశారు. తూలు నడక, చేతులు అదుపులో లేవు, బహుశా నరాల జబ్బు.

"బహుశాకి కోడు లేదు. ఉత్త తూలు నడక అని వేసి పంపేద్దాం బావా, పుస్తకం ఒప్పుకుంటుంది" అంది మరదలు.

"పుస్తకం ఒప్పుకుంటుంది. నేను ఒప్పుకోను" అని ఆయన డాక్టరుకు ఫోను కలిపారు. "డాక్టరుగారూ, ఈ టీచరమ్మకు ముందు మూలవ్యాధి సంగతి తేల్చండి."

"నేను చూసేది నరాలయ్యా. మూలవ్యాధికి రెండో అంతస్తుకెళ్లు!" అని డాక్టరు ఫోను పెట్టేశారు.

ఆయన ఊరుకుంటారా! మర్నాడు జనంతో కిటకిటలాడుతున్న హాల్లోకి వెళ్లి, టీచరమ్మ ముందు నిలబడి గొంతెత్తారు. "అమ్మా, మీ మూలవ్యాధి తేలిందా?"

హాలు మొత్తం ఇటు తిరిగింది. టీచరమ్మ మొహం కందగడ్డయింది. "నాకు మొలలేమీ లేవండీ!"

పక్క కుర్చీలో ఒరిగి కూర్చున్న పెద్దాయన ఆశగా చెయ్యెత్తాడు. "నాకున్నాయి బాబూ. లైను ఇదేనా?"

స్కానింగు చేస్తేగానీ మూలం తేలదన్నారు డాక్టరు. స్కానింగుకేమో మూడు వారాల వరస. మూలపురుషుడు ఆ గది గుమ్మంలో కాపుకాశారు. తలుపు తీసినప్పుడల్లా "ఎవరైనా రానివాళ్లున్నారా?" అని తల లోపల పెట్టడమే. స్కానింగు గది వాళ్లు రెండ్రోజులు ఓర్చుకుని, మూడోరోజు ఒకాయన రాకపోయేసరికి, ఈయన పీడ విరగడయితే చాలని ఆయన వంతు టీచరమ్మకు ఇచ్చేశారు.

ఈలోగా పైఅధికారి వచ్చి మరదల్ని చీవాట్లేశాడు. "ఒక్క ఫైలు నాలుగు రోజులా?" ఆమె ఆ కోపమంతా బావ మీద కుమ్మరించింది. "మీ పంతానికి నేను మాటలు పడాలా? అక్క ఎలా వేగుతోందో మీతో!"

"అదే నాకూ అంతుపట్టలేదు" అన్నారాయన, నిజంగానే ఆలోచిస్తూ.

శుక్రవారం పొద్దున ఫైలు తిరిగొచ్చింది. నరాల మీద పొర దెబ్బతినే జబ్బు, దానివల్లే తూలు నడక. ఆయన ముందు జబ్బు కోడు, వెనక నడక కోడు వేసి, అలిగిన అన్నదమ్ముల్ని కలిపినంత సంబరపడిపోయారు.

కాగితం అందుకోవడానికి టీచరమ్మ గోడ పట్టుకుని వచ్చింది. కౌంటరులో మరదలే ఉంది. టీచరమ్మ రెండు వాక్యాలూ రెండుసార్లు చదువుకుని, గట్టిగా ఊపిరి వదిలింది. "బళ్లో నేను తాగి వస్తున్నానంటున్నారమ్మా. శుక్రవారంలోగా ఆసుపత్రి కాగితం తేకపోతే రావద్దన్నారు. మొదటిరోజే మీ బావగారికి చెప్పుకున్నాను, ఉత్త తూలు నడక అని రాసివ్వకండి బాబూ, ఆ సంగతి మా హెడ్‌మిస్ట్రెస్‌కు నాకంటే ముందే తెలుసు అని."

మరదలు గిర్రున లోపలికి వచ్చింది. "ఇదా సంగతి! నాకెందుకు చెప్పలేదు బావా?"

"ఆవిడ నాకు చెప్పింది. నీకు చెప్పమనలేదుగా."

"మరి అందరూ పంతమని తిట్టిపోస్తుంటే?"

"నా సంగతి తెలిసిందేగా! దీని వెనక ఇంకో సంగతుందని ఒక్కడూ అనుమానపడలేదు" అని ఆయన తర్వాతి ఫైలు లాక్కున్నారు.

మందులు పడ్డాయి. రెండు నెలలకు టీచరమ్మ చేతికర్రతో బడికి వెళ్లడం మొదలెట్టింది. వెళ్లిన వారంలోనే మూలపురుషుడి బొమ్మ ఒకటి స్వయంగా గీసి పంపింది. ఆయన దాన్ని ఇంటికి తెచ్చి ముందుగది గోడకు తగిలించారు.

అక్క దూరం నుంచీ, దగ్గర నుంచీ చూసింది. "ముక్కు చెవి పక్కకు పోయిందేమండీ?"

"పాపం, ఆవిడ చెయ్యి ఇంకా పూర్తిగా కుదురుకోలేదు."

అక్క ఒకసారి బొమ్మనూ, ఒకసారి మొగుణ్నీ చూసింది. "చేతికేం, బాగానే ఉంది. పోలిక అచ్చు దింపినట్టుంది" అంది.