పావుకిలో విమానం

అంబాదాసు విమానం కొన్నది మార్కండేయ స్వామి రథం మీద పూలు చల్లడానికని సోలాపూర్ దాజీ పేట్‌లో చెప్పుకుంటున్నారు. కుంఠా నాకాకు చేరేసరికి ఆ పూలు గులాబీలయ్యాయి, పన్నీరు కూడా తోడైంది. ఇంకొన్నాళ్లు ఊరుకుంటే అంబాదాసే అందులో కూర్చుని ఆకాశం నుంచి కొబ్బరికాయ కొట్టాడంటారు. విమానం మాట నిజం. పూల మాట ఒట్టి అబద్ధం. అసలు జరిగిందేమిటో అతని భార్య సుశీలకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఎందుకంటే ఆ విమానం వల్ల పోయేదేదైనా ఉంటే ముందు పోయేది ఆమెదే.

అంబాదాసు సాంచెల షెడ్డులో, అంటే మరమగ్గాల షెడ్డులో జాబర్. ఏ సాంచె మొరాయించినా దాని రోగం పట్టుకుని సరిచేసేవాడు. షెడ్డంతా దడదడలాడుతుంటే ఒక మూల కళ్లు మూసుకుని నిలబడి, అదిగో ఆ చివరిదానికి పట్టా వదులైందని చెబుతాడు. పనిలో అంత నెమ్మది. ఇంటికొస్తేనే బుర్రలో పురుగు తొలుస్తుంది. గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో టైము సరిగా కనబడాలని ఒకసారి గోడ గడియారాన్ని వెనక్కి తిరిగేటట్టు చేశాడు. అద్దంలో బాగానే కనబడింది. ఇంటికొచ్చిన చుట్టాలు మాత్రం అద్దం చూడక గడియారం చూసి బస్సులు పోగొట్టుకున్నారు.

సుశీల బీడీలు చుడుతుంది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, వంచిన తల. ఆమెకున్నది ఒకే ఒక కోరిక. శ్రావణంలో వచ్చే నారళీ పున్నమి నాడు స్వామి ఊరేగింపులో ఒక బండి మీద చేతిమగ్గం పెడతారు. ఒక జంటను ఎక్కిస్తారు. బండి కదులుతుంటే మగడు నేస్తాడు, పెళ్లాం పక్కన రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతుంది. గుడి చేరేసరికి స్వామికి ధోవతి సిద్ధం కావాలి. జంటను పెద్దలు ఎంచుతారు. ఎంత అదృష్టమున్నా ఆ చోటు జీవితంలో ఒక్కసారే.

ఎదురింటి చంద్రభాగ ఒకసారి కూర్చుంది. ఆ తర్వాత ఆమె ఏ మాట మొదలుపెట్టినా "నేను బండి మీద కూసున్న ఏడు" అనే మొదలుపెడుతుంది. వంకాయల ధర గురించి అడిగినా అంతే, కోడలి కాన్పు గురించి అడిగినా అంతే. సుశీలకు దేవుడి మీద భక్తి లేకపోలేదు. కానీ చంద్రభాగ నోరు మూయించాలన్న భక్తి అంతకంటే ఎక్కువ. ఈ ఏడు ఆ చోటు అంబాదాసుకే అని జంటను ఎంచే పెద్దాయన పెంటప్ప తన నోటితో అన్నాడు కూడా.

సరిగ్గా అప్పుడే అంబాదాసు ఫోనులో ఒక వీడియో చూశాడు. ఎక్కడో ఎవరో చేతిలో చిన్న పెట్టె పట్టుకుని బొమ్మ విమానం ఎగరేస్తున్నాడు. అది ఎగిరి ఎగిరి, ముక్కు పైకెత్తి, తోక కిందికి వేలాడేసి, చిలక్కొయ్యకు తగిలించిన చొక్కాలా గాల్లో అలాగే ఆగిపోయింది. ముందరి పంకా తిరుగుతూనే ఉంది. విమానం ఎక్కడికీ పోవడం లేదు. అంబాదాసు ఆ వీడియో చూస్తుంటే ముందరున్న చాయ్ మీద మీగడ కట్టింది. సుశీల ఆ మీగడ చూసి, అయిపోయింది, మళ్లీ గడియారమే అనుకుంది.

కొనాలంటే రెండు విమానాలు తేలాయి. రెండూ ఫోనులోనే ఉన్నాయి. ఏది తీసుకోవాలో తెలియక అరుగు మీద కూర్చుని ఉంటే పెంటప్ప అటుగా వచ్చాడు. పెంటప్పది చద్దర్ల వ్యాపారం. చద్దరును ఒంటిచేత్తో లేపి బరువు చెబుతాడు, ఆ బరువును బట్టే మంచిచెడ్డలు తేలుస్తాడు.

"తూకమెంతరా?" అన్నాడు, మొట్టమొదటి మాటగా.

"ఇదేమో కిలోన్నర పెద్దయ్యా. ఇదేమో పావుకిలో."

"పావుకిలోనా? పావుకిలోకు భజ్యాలొస్తయి గని విమానమొస్తదారా?"

"ఇది తేలికగ అట్ట లెక్క ఉంటదట..."

"అట్ట లెక్క ఉన్న చద్దరును ఎవడన్న కప్పుకుంటడా? బరువుంటేనే సరుకు. కిలోన్నరది తీస్కో."

చంద్రభాగ గడపలోంచే వంత పాడింది. "పెద్దయ్య చెప్పింది నిజం. నా పెండ్లి చద్దరు ఎత్తాల్నంటె ఇద్దరు గావాలె. ఇప్పటికి చినుగలే."

అరుగు చుట్టూ చేరిన వాళ్లంతా తలలూపారు. అంబాదాసు కూడా ఊపాడు. పుట్టినప్పటి నుంచి విన్న మాట అది. సోలాపూర్‌లో తేలికది మంచిదని చెబితే పసిపిల్లలు కూడా నవ్వుతారు.

కిలోన్నర విమానం వచ్చింది. చెక్కది, ఎర్రది, పసుపు చారలది. పెంటప్ప దాన్ని ఒంటిచేత్తో లేపి, కళ్లు మూసుకుని, "ఆఁ! ఇది మాల్, అసలు సరుకు" అన్నాడు.

మూతబడ్డ మిల్లు వెనక మైదానంలో దాన్ని ఎగరేశారు. బాగానే లేచింది. అంబాదాసు ముక్కు పైకెత్తాడు. విమానం ఒక్క క్షణం ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. గుర్తొచ్చింది దాని బరువే అయ్యుంటుంది. తోక ముందుగా జారి, గిరికీ కొట్టి, పక్కనే పెంటప్ప అద్దకం వాకిట్లో వెదురుల మీద ఆరేసిన నూలు చిలపల్లో పడింది. పడ్డాక కూడా పంకా ఆగలేదు. పచ్చి రంగు నూలునంతా తనకే చుట్టుకుంది. బయటికి తీసేసరికి విమానం ముక్కు నుంచి నడుము దాకా ఆకుపచ్చగా ఉంది. పెంటప్ప ధోవతి కూడా.

విమానాన్ని ఎంచింది తానేనన్న సంగతి పెంటప్పకు ఆ రంగులో కనబడలేదు.

"పోయినేడు మలుపు కాడ ఏమైందో యాదున్నదా?" అని అరిచాడు. అందరికీ యాదుంది. బండి కుదుపుకు, పోగు పట్టుకుని అటూ ఇటూ ఉరికే నాడె మగ్గంలోంచి ఎగిరి బాజావాడి పెద్ద బూరలో దూరింది. పాట సగంలో ఆగిపోయింది. నాడె ఊడిరాక స్వామి ధోవతి మూరెడు తక్కువైంది. "గాల్లున్న దాన్ని నిలవెట్టలేనోడు కదిలే బండి మీద నాడెను ఏం నిలవెడతడు? పున్నమి దాక చూస్త అంబాదాసూ. లేకుంటె వేరే జంటను ఎక్కిస్త."

ఆ సాయంత్రం చంద్రభాగ సుశీల పక్కన చాట పెట్టుకుని కూర్చుంది. "బండి మీదికని పట్టుచీర తెచ్చినవా ఏంది అప్పుడే? ఘడీ ఇప్పకు, మడత మడతనే ఉండని. దుకాణపాయన వాపస్ తీసుకుంటడేమో అడుగు."

సుశీల చేతిలో ఆకు చిరిగింది. లోపలికి వెళ్లి మొగుడి మీద పడింది.

"ఆ పీడను అటుక మీద పారెయ్. నీకు దండం పెడత."

"తప్పు విమానానిది గాదే. తూకానిది" అన్నాడు అంబాదాసు.

విమానాలమ్మే పూణే మనిషికి ఫోను చేశాడు. ఆ మనిషి మరాఠీలో ముందు కాసేపు నవ్వి, తర్వాత వివరంగా చెప్పాడు. ముందుకు పోతున్నంత సేపు విమానాన్ని మోసేది రెక్కలు. నిలబడ్డప్పుడు రెక్కలు పనికిరావు, ముక్కుకున్న పంకాయే మొత్తం బరువును పట్టుకుని వేలాడదీస్తుంది. కాబట్టి విమానం బరువు కంటే పంకా లాగే బలం ఎక్కువుండాలి. తోక రెక్కలు వెడల్పుగా ఉండాలి, ఎందుకంటే ఆగిన విమానానికి ఎదురుగాలి తగలదు, పంకా వదిలిన గాలే తోకకు తగిలి దాన్ని అటూ ఇటూ తిప్పాలి. నేర్చుకునేవాడికి తేలికపాటి అట్ట విమానమే మేలు. పడినా విరగదు, విరిగినా అతుక్కుంటుంది.

అంబాదాసు ఫోను పెట్టేశాడు. "తేలికగుంటేనే సరుకట" అన్నాడు, ఎవరో వింటారేమోనన్నట్టు మెల్లగా.

పావుకిలో విమానం వచ్చింది. దాని కంటే దాని డబ్బా బరువు. "విమానమేదే? గణపతి కాడ పెట్టే థర్మాకోల్ తునక లెక్కున్నది" అంది చంద్రభాగ. ఆ మర్నాటి నుంచి అంబాదాసు తెల్లారుతూనే దాన్ని చంకలో పెట్టుకుని మైదానానికి పోవడం, అతుకులతో తిరిగిరావడం మొదలైంది. పొద్దెక్కితే గాలి లేస్తుంది కాబట్టి పొద్దున్నే పోయేవాడు. వాడకట్టు అలా అనుకోలేదు.

"మిల్లు ఎనక ఎవరో ఉన్నరట సుశీలా" అంది చంద్రభాగ. "నాకెందుకు గని, జర పోయి చూడు."

సుశీల పోయి చూసింది. గోడ ఇవతల ఉండగానే మొగుడి గొంతు వినబడింది. "నిలవడు తల్లీ. పోకే. జరసేపు నిలవడు నా బంగారం." పెళ్లయిన ఇన్నేళ్లలో అంబాదాసు ఆమెను బంగారం అనలేదు. చెప్పు చేతబట్టుకుని గోడ దాటింది. అక్కడ అంబాదాసు తప్ప మనిషన్నవాడు లేడు. బంగారం ధడేల్మని వచ్చి ఆమె కాళ్ల ముందు పడింది.

సుశీల చెప్పు కింద వేసి, తొడుక్కుని, మొగుడి చేతుల్లోని పెట్టె చూసింది. దాని మీద రెండు చిన్న పుల్లలు. వాటిని బొటనవేళ్లతో నెట్టాలి. జీవితమంతా పానాలు తిప్పిన వేళ్లు అవి.

"అంత ఒత్తుడేంది? నట్టు బిగిస్తున్నవా? తునికాకైతె ఎప్పుడో చినుగు."

"మరెట్ల?"

"బీడీ చుట్టినట్టు. తాకియి, ఇడిశిపెట్టు. తాకియి, ఇడిశిపెట్టు. వేలుకు తాకినట్టు తెల్వాలె గని ఆకుకు తెల్వొద్దు."

ఆ రోజు విమానం ఇద్దరు తుమ్మేంత సేపు నిలబడింది. అప్పటి నుంచి సుశీల కూడా పొద్దున్నే పోయేది. గాలికి ముక్కు ఎటు వాలితే అటు కేకవేయడం ఆమె పని. మిల్లు వెనక ఉన్న ఆడమనిషి ఎవరో వాడకట్టుకు తెలిసిపోయింది, దాంతో ఆ కబురు రుచి తగ్గింది. ఏదో ఒక కబురు లేకపోతే బీడీలు కదలవు కాబట్టి అప్పుడు పుట్టాయి రథం మీద చల్లే ఈ పూలు.

పున్నమి దగ్గర పడ్డాక ఒక పొద్దున పెంటప్ప మైదానానికి వచ్చాడు. వెనక చంద్రభాగ, ఆమె వెనక సగం పేట. అంబాదాసు ఎవరినీ చూడలేదు. అప్పటికే విమానం ఎగరేశాడు. ముక్కు పైకెత్తాడు. పావుకిలో అట్ట తోక వేలాడేసి, గుయ్యిమంటూ, మనిషెత్తు గాల్లో నిలబడింది. గాలి వచ్చింది. కాస్త వాలింది. అంబాదాసు వేళ్లు తాకాయి, విడిచాయి. మళ్లీ నిటారుగా నిలబడింది.

పెంటప్ప టోపీ తీసి చేత పట్టుకున్నాడు. "అంబాదాసూ, దీంతోని రథం మీద పూలు చల్లుతవట గద?"

అంబాదాసు ఊఁ అంటే చాలు. ఆ ఒక్క మాటకు రాట్నం సుశీలది, చంద్రభాగ నోటికి తాళం ఆమెది. మొగుడి వీపు వెనక నిలబడి తలను పైకీ కిందికీ ఊపింది. వీపుకు కళ్లుండవు కదా.

"లేదు పెద్దయ్యా" అన్నాడు అంబాదాసు, విమానం మీంచి చూపు తిప్పకుండా. "పూలు పెడితె బరువైతది. బరువైతె నిలవడదు."

చంద్రభాగ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సుశీల ఊపుతున్న తల అలాగే ఆగిపోయింది. పట్టుచీర వాపస్ ఇవ్వడానికి దుకాణంలో ఏం చెప్పాలో ఆలోచించసాగింది.

పెంటప్ప మాత్రం విమానాన్ని చూడటం మానేసి అంబాదాసు వేళ్లను చూస్తున్నాడు. మళ్లీ గాలి వచ్చింది. మళ్లీ తాకాయి, విడిచాయి.

"మలుపు కాడ బండి ఎగిరితె నాడె పట్టుకుంటవా?"

"పట్టుకుంట."

"అయితె ఎక్కుండ్రి ఇద్దరు. చీర మడత ఇప్పు సుశీలా."

చంద్రభాగ కొంగు జారింది. సుశీల ఆమె వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడి, చూసేసింది.

పెంటప్ప టోపీ పెట్టుకుని వెళ్లబోయి, కాలు ఆడక వెనక్కి తిరిగాడు. "ఒక్క మాట చెప్పిపోరా, లేకుంటె నాకు అన్నం సహించదు. పూలకు గాదంటివి. మరి దీన్నెందుకు నేర్చినవు? బండి మీద చెయ్యి అదరొద్దనే గద?"

"అగో, గదే అయ్యుంటది!" అన్నారు పేటవాళ్లు.

"కాదు పెద్దయ్యా" అన్నాడు అంబాదాసు. "షెడ్డుల తిరిగేటిదంత యాడికో ఉరుకుతనే ఉంటది. ఉరుకుడు బందైందంటె ఖరాబైనట్టే, నన్ను పిలుస్తరు. ఇదేమో తిరుగుతనే ఉన్నది, యాడికి పోతలేదు, అయినా ఖరాబు గాలేదు. మంచిగ లేదా మరి?"