మా అక్క పాటలో నా ‘ఊఁ’

మా అక్కకు నేనొక్కడినే తమ్ముణ్ణి. యాభై ఆరేళ్లపాటు ఈ మాటను ఎవరూ కాదనలేదు. పోయిన డిసెంబరు నుంచి మాత్రం ఒక లక్షమంది దాకా పోటీకి దిగారు. ఉత్తరాలు రాస్తారు, ఫోన్లు చేస్తారు, బస్టాపులో ఆపి మాట్లాడతారు. అందరూ మొదలుపెట్టేది ఒకే మాటతో: ‘అక్కా!’ పిలవడానికి వేరే మాటే దొరకలేదా వీళ్లకి? మేడం అనొచ్చు, గాయనిగారూ అనొచ్చు. నా మాటే కావాల్సి వచ్చింది.

అక్క చొక్కాల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్లు కాజాలు కుట్టింది. కాజా అంటే చొక్కాకు గుండీ దూర్చే కన్నం. ఆమె కుట్టిన కాజాలన్నీ వరసగా పేరిస్తే చంద్రుడి దాకా వెళ్లి, తిరిగొస్తూ మధ్యలో టీ తాగడానికి ఆగొచ్చని నేను లెక్క కట్టాను. తొమ్మిదో తరగతిలో బడి మానేసినవాడి లెక్క కాబట్టి కాస్త అటూ ఇటూ ఉండొచ్చు. బడే నన్ను మానేసిందని గిట్టనివాళ్లు అంటారు.

కాజా మిషన్ నడక దానిదే. టకటకమని ఒక వైపు కుడుతుంది, మళ్లీ టకటకమని రెండో వైపు కుడుతుంది, టప్పున కత్తి దించి కన్నం కోస్తుంది, ఒక్క క్షణం ఆగుతుంది. అక్క పాటలన్నీ అలాగే నడుస్తాయి. పరుగు, కోత, ఆగడం. బట్ట మీద గీతలు గీసే సుద్దముక్కతోనే పాటలు రాసేది, కటింగ్ టేబుల్ కింద పడే కాగితం ముక్కల మీద. మెడ పట్టీ ఆకారంలో వంకరగా ఉన్న కాగితం మీద వంకరగా రాసిన పాటలు మా ఇంట్లో రెండు సంచుల నిండా ఉన్నాయి.

సెలవు రోజుల్లో స్టేజీ ఎక్కేది. వెనక కీబోర్డు, డ్రమ్ములు, ఇద్దరు కోరస్ అమ్మాయిలు. ముప్పై ఎనిమిదేళ్లలో పదమూడు ఆల్బమ్‌లు చేసింది. జనానికి గుర్తున్న పాటలు రెండు. అందులో ఒకటి ఇంకెవరో పాడారనుకుంటారు. ఆమె పై స్థాయి అందుకుంటే మైకు తనంతట తనే స్టాండు దిగి నాలుగడుగులు పక్కకు జరిగేది. నేను కళ్లారా చూశాను. నమ్మకపోతే మీ ఇష్టం.

రెండేళ్ల కిందట గొంతుకు ఆపరేషన్ జరిగింది. లేచి కూర్చున్నాక వచ్చిన గొంతు, పక్క గదిలో ఎవరో గ్లాసులో నీళ్లు పోస్తున్నట్టుంది. కీబోర్డాయన పరామర్శకు వచ్చి, మళ్లీ కనపడలేదు.

“ఈ గొంతుతో స్టేజీ ఎక్కలేనురా,” అంది అక్క. “పక్కన కూర్చున్నవాళ్లకి వినిపిస్తుంది, అంతే.”

“అయితే పక్కన కూర్చున్నవాళ్లకే పాడు,” అన్నాను.

గుర్తుపెట్టుకోండి. ఆ ఐడియా నాది.

అలా పుట్టింది క్రిస్మస్ ఆల్బమ్. తొమ్మిది పాటలు, ఒక గిటారు, ఒక చిన్న గొంతు. గంటలు లేవు, కోరస్ లేదు. పండగపూట పనికి వెళ్లినవాళ్లు, ఒక కుర్చీ ఖాళీ అయిన ఇల్లు, చిన్నదైపోయిన కొత్త గౌను. ఇలాంటివే అన్నీ.

వాటిలో ఒక పాటకు యాభై ఒక్క ఏళ్లు. నాకప్పుడు అయిదు, అక్కకు పన్నెండు. నాన్న అప్పటికే పోయాడు. అమ్మ ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే చోట పనిచేసేది. పండగ ముందురోజు అదనపు డ్యూటీ పడింది. బయట తాళం పెట్టి వెళ్లింది. కిటికీకి వేలాడదీసిన కాగితం నక్షత్రంలో బల్బు సాయంత్రమే మాడిపోయింది. నేను ఏడుపు ఎత్తుకున్నాను. నా ఏడుపుకి మూడు వీధుల అవతల గడియారాలు ఆగిపోయేవని ప్రతీతి.

“ఏడవకురా. అది ఆరిపోలేదు, ఎవరింట్లోనో పాప పుట్టిందని చూడ్డానికెళ్లింది,” అంది అక్క. “ఎలా వెళ్లిందో చెప్తా. ఊఁ కొట్టాలి మరి. కొట్టకపోతే చెప్పను.”

చుక్కొకటి దారి తప్పి మా గుమ్మంలో నిలుచుంది...

“ఊఁ.”

చలికి వణుకుతోంది, చిరునామా మరిచింది...

“ఊఁ. తర్వాత?”

తర్వాత ఏమిటో అక్కకే తెలియదు. నేను ఊఁ అంటే ఆ ఊపులో ఇంకో లైను పుట్టేది. మధ్యలో నేను ఆగితే ఆమే ఆగిపోయి, తొడ మీద గిల్లి, “ఏరా, నిద్రపోయావా?” అనేది. “లేదే! తర్వాత?” అనేవాణ్ణి. అప్పటి నుంచి అక్క కట్టిన ఏ పాటైనా ముందు నా ఊఁ మీదుగా నడవాల్సిందే. సగం మాటలైతే సగం ఊఁలే. కాబట్టి పదమూడు ఆల్బమ్‌లలో సగం నావి.

రికార్డింగ్ అక్క ఇంటి వంటగదిలోనే పెట్టుకున్నాం. గోడలకు దుప్పట్లు కట్టాం, ఫ్రిజ్ ప్లగ్ తీసేశాం. రికార్డింగ్ చేసేది చెవుల మీద ఇంతింత డిప్పలు పెట్టుకుని తిరిగే మనిషి. చెవులాయన అందాం. ఆయన నన్ను చూసి, “సార్, మీ ఊపిరి కూడా మైకులో పడుతోంది, బయట కూర్చుంటారా,” అన్నాడు. వెళ్లి మెట్టు మీద కూర్చున్నాను. నక్షత్రం పాట మొదలైంది. రెండో లైనులో ఆగింది. మళ్లీ మొదలైంది. మళ్లీ అక్కడే ఆగింది. నాలుగోసారి తలుపు తెరుచుకుంది.

“మా తమ్ముణ్ణి లోపలికి రానివ్వండి. వాడు లేకపోతే ఇది ముందుకు నడవదు,” అంది అక్క.

చెవులాయన ముఖం చూడాల్సింది! నేను మహారాజులా నడిచి వెళ్లి గ్యాస్ బండ పక్కన స్టూలు మీద కూర్చున్నాను. అక్క పాడింది. నేను ఊఁ కొట్టాను. ఒక్క దెబ్బకు పాట పూర్తయింది. గిటారాయన కళ్లు తుడుచుకున్నాడు. నా ఊఁకే అయ్యుంటుంది.

ఆల్బమ్ బయటికి రాకముందే సగం ఊరికి చెప్పేశాను. నేను పార్సిల్ వ్యాను నడుపుతాను, రోజుకు అరవై గుమ్మాలు ఎక్కి దిగుతాను. ప్రతి గుమ్మంలో సంతకం పెట్టించుకుంటూ, “మా అక్క కొత్త ఆల్బమ్ వస్తోంది, అందులో నేనూ ఉన్నాను,” అన్నాను. పదో గుమ్మానికి ఊఁలు నాలుగు లైన్లయ్యాయి. ముప్పయ్యో గుమ్మానికి ఒక పాట మొత్తం నాదే అయింది.

వచ్చిన వారానికి గడ్డం గీయించుకోవడానికి కూర్చున్నాను. ముఖమంతా నురగ. మంగలి మెడ మీద కత్తి పెట్టాడు. ఫోన్లో నక్షత్రం పాట వస్తోంది. మొదటి లైను అయింది. అక్క గొంతు ఆగింది. ఇక నేను వస్తానని చెవులు నిక్కించాను. రాలేదు! అక్కడ ఏమీ లేదు. గిటారు తీగ చప్పుడు సన్నగా సాగి, ఖాళీ.

ఆ ఖాళీలో మంగలి కత్తి ఆపి, “ఊఁ,” అన్నాడు.

కుర్చీలో ఎగిరిపడ్డాను. “ఏంటయ్యా ఆ ఊఁ?”

“కదలకండి సార్, తెగుద్ది. ఆ పాటకి అలా అనాలి. అక్క ఆగుతుంది కదా, మనం ఊఁ అనాలన్నమాట.”

“ఎవరు చెప్పారు?”

“ఎవరు చెప్పాలి సార్? మా ఇంట్లో అందరం అంటాం. మా అమ్మ మంచం మీంచి కూడా అంటుంది.” రెండో ఖాళీ వచ్చింది. పక్క కుర్చీలో జుట్టు కత్తిరించుకుంటున్న పెద్దమనిషి కూడా కళ్లు మూసుకుని “ఊఁ” అన్నాడు. మంగలి అద్దంలో నన్ను చూసి నవ్వాడు. “అవునూ, మీరూ పాడానన్నారు కదా. మీ గొంతెక్కడ సార్?”

సగం గడ్డంతో బయటికొచ్చి చెవులాయనకు ఫోన్ చేశాను. నోటికొచ్చిందంతా అన్నాను. ఆయన అంతా విని, “నేను తీయలేదు సార్. ఉంచుదామనే అన్నాను. అక్కే తీసేయమంది,” అన్నాడు.

చూశారా, ఆయనకూ అక్కే.

ఆ రోజు ఎక్కిన ప్రతి గుమ్మంలోనూ ఆ పాటే. కళ్లజోళ్ల దుకాణంలో అద్దం తుడుస్తూ ఒకావిడ ఊఁ అంది. ఎక్స్‌రే గదిలో “ఊపిరి బిగబట్టండి” అనే అబ్బాయి ఊఁ అన్నాడు. యాభై ఒక్క ఏళ్లు నేను కూర్చున్న స్టూలు మీద ఎవడు పడితే వాడు కూర్చుంటున్నాడు. లేవమని ఎంతమందికని చెప్తాను?

సాయంత్రం వెళ్లేసరికి అక్క భోజనాల బల్ల మీద ఉత్తరాలు పరుచుకుని చదువుతోంది. ఒక నర్సు రాసింది: పండగ రోజు వార్డులో ఉన్నాను అక్కా, నువ్వు ఆగినప్పుడు పదకొండు మంచాల వాళ్లం కలిసి ఊఁ అన్నాం. భార్య పోయినాయన రాశాడు: ఇంట్లో మనిషితో మాట్లాడినట్టుంది అక్కా. ఒకాయన మాత్రం, ‘పండగపూట ఈ నీరసం ఏమిటి? డ్రమ్ములేవి? మీ పాత ఆల్బమ్‌లే నయం’ అని తిట్టాడు. ఆ ఉత్తరాన్ని నేను రెండుసార్లు పైకి చదివాను. ప్రాణం కాస్త చల్లబడింది.

“అంత సంబరపడకు,” అంది అక్క.

“నా ఊఁ ఎందుకు తీసేశావు?”

కళ్లజోడు తీసి చూసింది. “విన్నావా?”

“సగం గడ్డంతో విన్నాను. ముఖం చూడు.”

“నీ ఊఁ మరీ పెద్దదిరా. గేదె తుమ్మినట్టుంది.”

“అదేగా యాభై ఏళ్లు విన్నావు!”

“విన్నాను కాబట్టే చెప్తున్నా.” నవ్వింది. తర్వాత నవ్వకుండా అంది, “నువ్వు ఊఁ అంటే అది మనిద్దరి గది. వాళ్లు కిటికీలోంచి చూస్తారు. నువ్వు లేకపోతే వాళ్ల గది. నేనే వెళ్లి వాళ్ల పక్కన కూర్చుంటాను.”

“అయితే వాళ్లతోనే కొట్టించుకో ఊఁలు.” చెప్పులు వేసుకున్నాను.

“శనివారం మన ఫ్యాక్టరీలో పాడుతున్నా, వస్తావా?”

“వస్తాను. నోరు మాత్రం విప్పను.”

అది ఒట్టు. నా ఊఁ లేకుండా ఆమె పాట నడుస్తుందో లేదో తేల్చుకుందామనుకున్నాను. నడిస్తే ఏం చేయాలో మాత్రం ఆలోచించుకోలేదు. మూడు రోజులు అన్నం సయించలేదు.

శనివారం మధ్యాహ్నం కటింగ్ హాల్లో బల్లలు గోడకు జరిపారు. నూట యాభై మంది దాకా వచ్చారు, లెక్కలో అబద్ధం లేదు. ముందు వరసలో బొకేలు పట్టుకున్న కొత్త తమ్ముళ్లు. మంగలి వాళ్లమ్మను చక్రాల కుర్చీలో తీసుకొచ్చాడు. నేను అన్నిటికన్నా వెనక, బట్ట తానుల మీద చేతులు కట్టుకుని కూర్చున్నాను. అక్క తన పాత కాజా మిషన్ ముందు స్టూలు మీదే కూర్చుంది. ఎనిమిది పాటలు పాడింది. చివరికి నక్షత్రం ఎత్తుకుంది.

చుక్కొకటి దారి తప్పి మా గుమ్మంలో నిలుచుంది...

“ఊఁ!” నూట యాభై గొంతులు. కిటికీ అద్దాలు గలగలలాడాయి. నేను పెదవులు బిగించాను.

అక్క చిరునవ్వు నవ్వింది. రెండో లైను అందుకోలేదు. గిటారాయన అదే ముక్క తిరిగి వాయించాడు. జనం ఈసారి ఇంకా గట్టిగా ఊఁ అన్నారు. అక్క పాడలేదు. గిటారు మూడోసారి తిరిగింది. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. పాట మరిచిపోయిందేమో, గొంతు మళ్లీ పోయిందేమో అనుకుంటున్నారు. అక్క అరచెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని నూట యాభై తలల మీదుగా తానుల వైపు చూసింది.

“ఏరా,” అంది మైకులో, “నిద్రపోయావా?”

జనం ఘొల్లున నవ్వారు. ముందు వరసలో బొకే పట్టుకున్నవాడు లేచి, “లేదక్కా!” అన్నాడు.

ఒట్టూ లేదు, గట్టూ లేదు. తానుల మీంచి దూకాను. “నిన్ను కాదయ్యా, కూర్చో!” అని అరిచాను. ఆ అరుపుకి వాడి బొకేలో పూలన్నీ రాలిపోయాయి. తర్వాత అక్క వైపు తిరిగి, “లేదే! తర్వాత?” అన్నాను.

లేదక్కా అని ఎవరైనా అనొచ్చు. లేదే అనాలంటే ఒక మంచం మీద పెరిగి ఉండాలి.

అక్క రెండో లైను అందుకుంది. ఇక నేనాగలేదు. ప్రతి ఖాళీలోనూ అందరికన్నా ముందు, అందరికన్నా గట్టిగా కొట్టాను. మంగలి వెనక్కి తిరిగి, “సార్, మీరు కాస్త ముందుగా అనేస్తున్నారు,” అన్నాడు.

“అవునయ్యా. యాభై ఒక్క ఏళ్లు ముందుగా!”

నాలుగు రోజుల తర్వాత ఇంకో ఉత్తరం వచ్చింది. ‘అక్కా, పాట అద్భుతం. కానీ వెనకాల నుంచి అరిచినాయన ఎవరు? పాటంతా పాడుచేశాడు.’ అక్క కడుపు పట్టుకుని నవ్వి, దానికి జవాబు నన్నే రాయమంది. రెండు ముక్కలు రాసి పడేద్దామని కూర్చున్నాను. ఇంతయింది.