ఇస్త్రీ పెట్టె చల్లారే చోట

వెర్నెల్ టూమర్ పాడితే బడి క్యాంటీన్‌లో పిల్లలు తినడం మానేసి వింటారని ట్రెమే పేటలో చెప్పుకుంటారు. అది శుద్ధ అబద్ధం. ఆవిడ వండిన ఎర్ర చిక్కుళ్ళ అన్నం ముందు పెట్టుకుని తినడం మానే పిల్లవాడు ఇంకా పుట్టలేదు. కాని పాట ఆగిందో, చెంచాలతో బల్లలు బాది గోల పెడతారు, అది మాత్రం నిజం.

అరవైకి దగ్గర పడిన మనిషి. ఆదివారం చర్చి పాటల్లో ముందు వినిపించేది ఆవిడ గొంతే. అలాంటిది ఇసిడోర్ బార్లో జాజ్ బృందంతో కలిసి ప్రేమలూ మోసాలూ ఏకరువు పెట్టే పాతకాలపు బ్లూస్ పాటలు పాడబోతోందని తెలిసేసరికి చర్చి ఆడవాళ్ళు మూతి ముడుచుకున్నారు. ముడుచుకునే ముందు ఎన్ని గంటలకో మాత్రం కనుక్కున్నారు.

ఇందులోకి ఆవిడను లాగింది న్యూమా డెలహూసే. ట్రంపెట్ వాయిస్తాడు, బృందానికి నాయకుడు, ఒకచోట కుదురుగా కూర్చోలేని మనిషి. తాతల నాటి బ్లూస్ పాటల్ని కొత్త నడకలో వాయించాలన్న పిచ్చి పట్టి, గొంతు కోసం ఊరంతా గాలించి చివరికి క్యాంటీన్ వంటింట్లో తేలాడు. వెర్నెల్ ఒకే ఒక్క షరతు పెట్టింది. మిగతా పాటలు నీ ఇష్టం, చొక్కా పాట మాత్రం మా అమ్మ పాడినట్టే ఉండాలి అంది. న్యూమా సరేనన్నాడు. ఎంత పెద్ద మాటకు తల ఊపాడో అతనికేం తెలుసు.

వాళ్ళమ్మ రోజుల్లో రికార్డు మీద వచ్చి ఊరంతా పాడుకున్న పాటే అది. 'నీ చొక్కా నేనే ఇస్త్రీ చేశాను, అది తొడుక్కుని ఎవరింటికెళ్ళావు' అని మొదలవుతుంది. వెర్నెల్ తల్లి ఓజెల్లా ఊరివాళ్ళ బట్టలు ఉతికి ఇస్త్రీ చేస్తూ దాన్ని పాడుకునేది. మొగుడు చర్చి పెద్ద, వింటే ఊరుకోడు. అందుకని ఆయన ఇంట్లో లేనప్పుడే పాడింది. నలుగురి ముందు ఒక్కసారైనా పాడకుండానే పోయింది. వెర్నెల్‌కి ఇన్నేళ్ళూ అదే గుచ్చుకుంటూ ఉంది.

తీరా సాధన మొదలయ్యాక పాట ఎవరికీ చిక్కలేదు. బ్లూస్ అంటే పన్నెండు ఆవర్తాలు, పన్నెండో దాని దగ్గర అందరూ కలవాలి. వెర్నెల్ మాత్రం రెండో పాదం మధ్యలో ఆగిపోయేది. ఒకసారి కొంచెం, ఒకసారి చాలా. ఎందుకాగుతున్నావని అడిగితే అమ్మ అలాగే పాడేది అనేది. ఈవిడ ఎక్కడికో వెళ్ళొస్తోంది, కాస్త చెప్పి వెళ్తే బాగుండునని బాస్ తీగలు మీటే క్లోవిస్ గొణిగాడు. చివరికి న్యూమా బతిమాలాడు, పన్నెండులోకి సర్దమన్నాడు. ఆవిడ లోపల లెక్క పెట్టుకుంటూ పాడింది. అన్నీ అమిరాయి, అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరి పాటో పాడినట్టయి వెర్నెల్ ప్రాణం ఉసూరుమంది.

శనివారం మధ్యాహ్నం ఐడెల్ పెద్దమ్మ ఇంటికి వెళ్ళింది. ఓజెల్లాకి అక్క, ఒకప్పుడు ఆ ఇస్త్రీ బల్ల పక్కనే కూర్చుని చొక్కాల మీద నీళ్ళు చిలకరించిన మనిషి. ఇప్పుడు కర్ర లేనిదే లేవదు గాని నోటికి మాత్రం ఏ కర్రా అక్కర్లేదు. వంటింట్లోనే పాట వినిపించి, ఎలా ఉందని అడిగింది వెర్నెల్.

"బానే ఉంది. ఎవరిదే ఈ పాట?" అంది పెద్దమ్మ.

వెర్నెల్ మొహం మాడిపోయింది. అమ్మదే పెద్దమ్మా అంది.

"మీ అమ్మ ఇంత గబగబా ఎప్పుడు పాడిందే? ఆ 'ఎవరింటికి' అనే మాట దగ్గరకొచ్చేసరికి ఇస్త్రీ పెట్టె చల్లారిపోయేది. దాన్ని పొయ్యి మీద పెట్టి, అక్కడ కాగుతున్న రెండోది తీసి, వేలు తడి చేసి అంటించి చూసుకుని, అప్పుడొచ్చి మిగతాది పాడేది. పొయ్యి బాగా మండుతుంటే తొందరగా వచ్చేది. లేకపోతే లేదు. నేను తడిపిన చొక్కాల దగ్గర కూర్చుని అరుస్తూనే ఉండేదాన్ని."

వెర్నెల్ నవ్వింది, ఏడ్చింది, పెద్దమ్మ బుగ్గ మీద ముద్దు పెట్టి చేతిసంచి అక్కడే మరిచిపోయి న్యూమా ఇంటికి పరిగెత్తింది. అతను మెట్ల మీద కూర్చుని వేయించిన చేప తింటున్నాడు. సంగతి విని నోట్లో ముద్ద అలాగే ఉంచుకుని లేచి నిలబడ్డాడు.

"అయితే నువ్వు నడువక్కా. లెక్క మానెయ్. మేం నీ కాళ్ళు చూస్తాం."

ఈ ఊళ్ళో శవయాత్రల్లో వాయించి పెరిగినవాడికి ఇంతకంటే చెప్పక్కర్లేదు. ముందు నడిచే పెద్దమనిషి అడుగు వేస్తేనే పాట కదులుతుంది, ఆయన మలుపులో ఆగితే అక్కడే తిరుగుతూ ఉంటుంది. చిన్నప్పుడే తాత వెనక నడిచి నేర్చుకున్న విద్యను చేతిలో ఉంచుకుని ఇన్నాళ్ళూ పన్నెండు పన్నెండని ప్రాణం తీశానే అని న్యూమా తల బాదుకున్నాడు.

ఆదివారం చర్చి కాగానే ఇసిడోర్ బార్ కిక్కిరిసిపోయింది. గంబో పులుసు గిన్నె ఒళ్ళో పెట్టుకుని పెద్దమ్మ ముందు వరసలో కూర్చుంది. వెనక గోడ పొడుగునా చర్చి ఆడవాళ్ళ టోపీలే. న్యూమా పాత పాటలకు కొత్త కాళ్ళు తొడిగి పరిగెత్తించాడు. మూడో పాటకు టోపీలు కూడా ఊగాయి. ఆ తరువాత చొక్కా పాట.

వెర్నెల్ మొదటి పాదం పాడింది. రెండోది అందుకుని 'ఎవరింటికి' దగ్గర ఆగి, మైకు వదిలి వేదిక చివరికి నడిచింది. డ్రమ్ము మెత్తగా ఆవిడ చెప్పులతో పాటే నడిచింది. క్లోవిస్ ఒక్క స్వరాన్నే తిప్పుతూ ఆవిడ మడమల మీంచి కళ్ళు తీయలేదు. ఆవిడ వేలు తడి చేసి గాలిలో అంటించి చూసి, వెనక్కి వచ్చి, 'వెళ్ళావు' అంది. బృందమంతా ఒక్కసారిగా ఆ మాట మీద వచ్చి పడింది. జనం కుర్చీల్లోంచి లేచారు. అమ్మ పాట అది, అచ్చంగా అమ్మ పాట.

చివరి చరణంలో ఇంకా ఎక్కువసేపు ఆగింది, పొయ్యి సరిగ్గా మండని రోజులా. న్యూమా ట్రంపెట్ దించేశాడు. అప్పుడు ముందు వరసలోంచి పెద్దమ్మ విసుగ్గా పిలిచింది.

"ఓజెల్లా, తొందరగా రావే. చొక్కా ఆరిపోతోంది."

వేదిక చివర నిలబడ్డ వెర్నెల్ ఆవిడ వైపు తిరిగింది.

"వస్తున్నానక్కా," అంది, వేడి పెట్టె పట్టుకున్నట్టు చెయ్యి కాస్త ఒంటికి దూరంగా పెట్టుకుని వెనక్కి నడిచింది.