సెరమైడ్ల పాఠం, నా చేతులు

తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీలో జీవరసాయనశాస్త్రం చెబుతాను. పుట్టినప్పటి నుంచి నా చేతుల మీద, కాళ్ల మీద చర్మం పొలుసులుగా రాలుతుంటుంది. చర్మం పైపొరలో కణాల మధ్య సందులు పూడ్చే కొవ్వుల్లో ముఖ్యమైనది సెరమైడు. నాలో అది తక్కువ. వేడినీళ్లు, గట్టిగా రుద్దడం ఉన్న కాస్తనూ ఊడ్చేస్తాయని పిల్లలకు బోర్డు మీద రాసి మరీ చెబుతాను. ఇంటికి పోయి నేను చేసేది మాత్రం అదే.

మొన్న చంద్రగిరిలో తమ్ముడి గృహప్రవేశం. మాది గుడి కైంకర్యం చేసే కుటుంబం. వడ్డన ఇంటి ఆడవాళ్లే మడి కట్టుకుని చేయాలి. చేతులు శుభ్రంగా కనబడాలని పొద్దున్నే పొగలు కక్కే నీళ్లు పోసుకుని, సున్నిపిండితో తోమిందే తోమాను. పంక్తి కూర్చునేసరికి వేళ్ల సందుల్లో పగుళ్లు, మణికట్టు మీద తెల్లటి పొట్టు. ఇంత చదువూ ఏ గంగలో కలిసిందో నాకే తెలియదు.

పులిహోర గిన్నెతో వంగితే ఒక పెద్దావిడ ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దులేమ్మా, కడుపు నిండిపోయినాది."

ఆమె ఆకులో అప్పటికి ఉప్పు తప్ప ఏమీ పడలేదు. పక్కనున్నామె కొంచెం అవతలికి జరిగింది. తమ్ముడి భార్య వచ్చి మెల్లగా గిన్నె అందుకుంది.

"నువ్వు ఆడ పోయి కూర్చో వదినా, నేను సూసుకుంటా."

దాని మనసు మంచిదే. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. పెరట్లో అంట్ల దగ్గర, చేతులు కొంగులో దాచుకుని నిలబడ్డాను.

సోమవారం క్లాసులో సెరమైడ్లే పాఠం. కణం దెబ్బతిన్నప్పుడు దాని త్వచంలోని స్ఫింగోమైలిన్ అనే కొవ్వు విడిపోయి సెరమైడు పుడుతుందని, ఇక చచ్చిపొమ్మని కణానికి కబురు పెట్టేవాటిలో అదొకటని చెప్పాను. చర్మానికి కాపలా కాసేదీ అదేనన్నాను.

"మరి చర్మంలో తక్కువైతే ఏమవుతాది మేడమ్?" అని ముందు బెంచీ అమ్మాయి అడిగింది.

పుస్తకంలో బొమ్మ ఉంది. ఏటా అదే చూపించి తప్పించుకుంటాను. ఆ రోజు, ఆ పెద్దావిడ మీద కోపమే అనుకుంటా, కొంగు చాటు నుంచి చెయ్యి తీసి బల్ల మీద పెట్టాను.

"ఇట్లా అవుతుంది."

సిగ్గుతో నా చెవులు మండిపోయాయి. చెయ్యి వెనక్కి లాక్కోబోతుంటే ఆ పిల్ల లేచొచ్చి, వంగి చూసింది.

"ఇది అంటుకుంటాదా మేడమ్?"

"అంటుకోదు," అన్నాను. ఇన్నేళ్లలో నన్ను ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. అందరూ అడక్కుండానే జరిగి కూర్చున్నారు.