అత్త పేనిన గాలపుదారం

మా అత్త చివరి రోజుల్లో అడిగింది ఒక్కటే, మలుగుపాము పులుసు. అది నిజం పాము కాదు. పాములా పొడుగ్గా, చేతికి చిక్కకుండా జారిపోయే చేప. మేముండే షోలాపూర్‌లో మరాఠీవాళ్లు దాన్ని వామ్ అంటారు. అత్త తెలంగాణలో పుట్టింది. పెళ్లికి ముందు తమ ఊరి చెరువులోది తిన్నదట. ఆ రుచి నాలుక మీద ఎక్కడ దాక్కుందో ఏమో, మిగతా రుచులన్నీ చచ్చిపోయాక బయటికి వచ్చింది. అన్నం పెడితే మట్టి అనేది. చాయ్ ఇస్తే కుడితి అనేది. మగ్గాలకు నూలు కండెలు చుట్టీ చుట్టీ ఆమె కళ్లు ఎప్పుడో పోయాయి. దాజీ పేట్‌లో మాది ఒక్క గది. ఒక మూలన ఆమె మంచం, ఇంకో మూలన నా బీడీల చాట. పొద్దంతా అదే మాట నా చెవుల్లో పడేది.

"ఒక్క బుక్క పెట్టుండ్రి. అటెన్క నేనేం అడుగ."

నా పెనిమిటి కార్ఖానాలో చాదర్ల సాంచా నడిపేవాడు. సాంచా అంటే కరెంటు మగ్గం, చాదర్లంటే దుప్పట్లు. ఆ నూలు దుమ్ముకు ఆయనకు అప్పుడే ఆయాసం మొదలైంది. తల్లి మాట విని అశోక్ చౌక్ బజారంతా తిరిగాడు. వామ్ వలకు పడదు, ఊరి బయట చెరువు కట్ట కింద రాళ్ల సందుల్లో ఉంటుంది, గాలం వేసి లాగాల్సిందే అని చేపలమ్మే ఆమె చెప్పింది.

ఆయనకు ఈత రాదు. అయినా పంక్చర్ల దుకాణంలో ఒక పాత లారీ ట్యూబు అడిగి తెచ్చాడు. దాని మీద తాళ్లు అల్లి, నడుమ ఒక పలక కట్టాడు. విరిగిన సాంచా కర్రలకు రేకు ముక్కలు కొట్టి తెడ్లు చేశాడు. గల్లీలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కార్ఖానా బందున్న రోజు ఇద్దరం వెళ్లాం. ఆయన ట్యూబు మీద, నేను కట్ట మీద. నీళ్ల మీద ఆయనకు దగ్గు రాలేదు. అది నాకు బాగా గుర్తు.

మధ్యాహ్నం దాటాక గాలం గుంజింది. ఆ చేప తోకను రాయికి చుట్టుకొని లాగుతుంటే ట్యూబే రాళ్ల వైపు పోయింది. ఆయన వదల్లేదు. దారం చేతిని కోసింది, నెత్తురు వచ్చింది. ఉన్నట్టుండి దారం తేలికైపోయింది. ఆయన వెనక్కి పడబోయి పలక పట్టుకున్నాడు.

దారం తెగలేదు, ముడి జారింది. దుకాణంలో నైలాన్ దారం రెండు ముక్కలుగా దొరికితే ఆయన రెంటినీ కలిపి ముడి వేశాడు. ఏ ముడి వేస్తాడు? సాంచా మీద పోగు తెగితే రోజుకు ఎన్నిసార్లు వేస్తాడో ఆ ముడే. వేళ్లు వాటంతట అవే వేశాయి. కట్ట మీద వల ఆరేసుకుంటున్న ఒక ముసలి మరాఠీ జాలరి ఆ కొస చూసి, "బాబా, హే సూత్ నాహీ" అన్నాడు. ఇది నూలు కాదు నాయనా అని. నూలు పోగు ఒకదాన్నొకటి కరిచి పట్టుకుంటుంది, నైలాన్‌కు ఆ పట్టు ఉండదు.

ఇంటికి వచ్చి ఆయన గడప మీదే కూర్చుండిపోయాడు. అత్తకు చప్పుడు చాలు.

"రాలేదా కొడుకా?"

"ముడి ఊడిపోయింది అవ్వా."

దారం ఇవ్వమని చెయ్యి చాపింది. మెలి తిరిగిన కొసను వేళ్లతో తడిమి తడిమి చూసి నవ్వింది. ఎన్ని రోజులకు నవ్వింది!

"ముడి నీది కాదురా, నాది. నీకు నేర్పింది నేనే కద. మలుగుపాము నా ముడిని ఇప్పుకొని పోయింది. గట్టిదే అది."

మర్నాడు నన్ను నూలు తెమ్మంది. కార్ఖానాలో చాదర్లకు వాడగా మిగిలిన కొసలు తెచ్చి ఇచ్చాను. గోడకు ఆనుకొని, కాళ్లు చాపి, కొసను బొటనవేలికి తగిలించి, తొడ మీద అరచేత్తో పేనడం మొదలుపెట్టింది. పొట్టి కొసలను ఆ ముడితోనే కలుపుకుంటూ పోయింది. నూలు తడిసినకొద్దీ ముడి బిగుస్తుందని నాకు చెప్తూ చెప్తూ పేనింది. నేను మైనం రుద్దాను. అన్నం మింగలేని మనిషి అంత పని ఎట్లా చేసిందో! దారం పూర్తయింది. కార్ఖానా బందు రోజు ఇంకా రాలేదు, ఆమె పోయింది.

మా వాళ్లలో మూడో రోజు, పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి స్మశానం దగ్గర విస్తట్లో పెడతాం. కాకి వచ్చి ముట్టాలి. పిట్ట ముట్టింది అంటాం. ముట్టకపోతే పోయిన మనిషికి తీరని కోరిక ఉన్నట్టు. ఆ రోజు అన్నం, కూర, షింది కల్లు, తంబాకు అన్నీ పెట్టాం. కాకులు వచ్చి గోడ మీద వాలి, చూసి వెళ్లిపోయాయి. కులపెద్ద చేతులు జోడించి, నీ కొడుకును మేం చూసుకుంటం, ముట్టు తల్లీ అని బతిమాలాడు. ఎండ నెత్తికెక్కింది. ఎవరూ నా పెనిమిటి మొహం చూడలేకపోయారు.

ఆయన లేచాడు. తలకొరివి పెట్టినవాడు ఈ దినాల్లో చెరువులు తిరగొద్దని పెద్దలు అడ్డుపడ్డారు.

"మా అవ్వ ఆకలి మీద ఉన్నది" అన్నాడు.

నేను వెంట వెళ్లాను. గుండు తల, తెల్ల బట్ట, ట్యూబు మీద ఆయన. అత్త పేనిన దారం నీళ్లలోకి దిగింది. పొద్దు వంగేదాకా ఏమీ లేదు. తర్వాత గుంజింది. ఈసారి ఆయన లాగలేదు, దారాన్ని బిగువు మీద పట్టుకొని ఊరుకున్నాడు. ట్యూబు రాళ్లకు తగిలి ఆగింది. ఎంతసేపటికో ఆ చేప తోక వదిలింది. నల్లగా, ఆయన మోచేయంత లావు. తడి గోనెసంచిలో వేసి నేను నోరు బిగించి కట్టాను. దారంలో ఒక్క ముడి కూడా కదల్లేదు.

తెల్లారి చింతపండు పోసి పులుసు వండాను. మళ్లీ స్మశానం దగ్గర విస్తట్లో పెట్టి మేం ఇంకా వెనక్కి తిరగలేదు, ఒక కాకి దిగి ముక్క ఎత్తుకుపోయింది. అప్పుడు ఏడ్చాడు ఆయన. తల్లి పోయిన రోజు కూడా ఏడవని మనిషి, మట్టిలో కూర్చొని, దగ్గు మీద దగ్గు వస్తున్నా ఆపుకోకుండా ఏడ్చాడు.

కొన్నేళ్లకు ఆ దుమ్మే ఆయన్ని తీసుకుపోయింది. చివర్లో ఏం కావాలని అడిగితే తల అడ్డంగా ఊపేవాడు. గాలి అందితే చాలు ఆయనకు. నాకు మాత్రం భయం పట్టుకుంది. మూడో రోజుకు ముందే ఆ ముసలి జాలరిని వెతికి పట్టుకొని వామ్ తెప్పించాను. పులుసు వండి, గిన్నె మీద మూత పెట్టి, కొంగు కప్పి తీసుకెళ్లాను. కాకి ముట్టకపోతే అప్పుడు తీద్దామని.

ముందు అన్నం పెట్టారు. పెట్టిన చెయ్యి వెనక్కి రాకముందే కాకి వచ్చి ముట్టింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అదృష్టవంతుడు, ఏ కోరికా మిగల్లేదు అన్నారు. కులపెద్ద నాతో, "నీ మీద ఏ ఆశ పెట్టుకోకుండ పోయిండు, సల్లగుండు బిడ్డా" అన్నాడు. మంచికే అన్నాడు పాపం.

నేను మూత తీయలేదు. అందరూ వెళ్లిపోయినా గిన్నె పట్టుకొని అక్కడే నిలబడ్డాను, ఇంకో పిట్ట ఏమైనా వస్తుందేమోనని. గోడ మీద కూడా ఒక్కటి వాలలేదు.