బోర్లించిన పళ్లాలు

సక్కుబాయికి రెండు విషయాల్లో పట్టింపు ఎక్కువ. కడిగిన పళ్లెం వెల్లకిలా ఉండకూడదు, తన పప్పుచారుకు ఎవరూ వంక పెట్టకూడదు. ఉప్పుగూడ స్టేషన్ వెనకున్న మగపిల్లల హాస్టల్లో పంతొమ్మిదేళ్లుగా ఆమే వంటమనిషి. ఇన్నేళ్లలో ఏడుగురు వార్డెన్లు మారారు, పొయ్యి మూడుసార్లు మారింది, పప్పుచారు మాత్రం చుక్క మారలేదు. అదే తన గొప్పతనమని ఆమె నమ్మకం.

ఆ హాస్టల్‌ను నడిపేది పిల్లలే. వార్డెన్ సంతకాలు పెట్టడానికి వస్తాడంతే. ఏం వండాలో, టీవీ ఎప్పుడు కట్టెయ్యాలో, పొద్దున బాత్రూం వంతు ఎవరిదో అంతా కమిటీయే తేలుస్తుంది. ఈ ఏడు సెక్రటరీ శ్రీపాద. లా చదువుతున్నాడు కాబట్టి ఉప్పు అందించమనడానికి కూడా "సభ అనుమతితో" అని మొదలుపెడతాడు. చేతులెత్తి ఓటేస్తే ప్రతిసారీ కొట్లాట అవుతోందని ఈమధ్యే వాడొక రహస్య పద్ధతి కనిపెట్టాడు. ఆదివారం మధ్యాహ్నం తిన్నాక ఒక్కొక్కరే గదిలోకి వెళ్లి, కడిగిన పళ్లెం బల్ల మీద పెట్టి రావాలి. బోర్లిస్తే ప్రతిపాదనకు సరేనన్నట్టు, వెల్లకిలా పెడితే వద్దన్నట్టు. పళ్లాల మీద ఎవరి పేర్లు వాళ్లు చెక్కించుకున్నారన్న సంగతి మాత్రం ఆ మేధావికి తట్టలేదు.

ఆ ఆదివారం ప్రతిపాదన ఏమిటంటే, సక్కుబాయిని మాన్పించి మెస్సును ఎవరో కాంట్రాక్టరుకు అప్పగించడం.

ఆమెకు రెండు రోజులుగా నిద్ర లేదు. భర్త బాలకిషన్‌కు గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో పని రోజూ దొరకదు. ఇల్లు గడిచేది ఈ వంటింటి మీదే. ఈ వయసులో ఇంకో వంటిల్లు ఎక్కడ వెతుక్కుంటుంది?

"ఫికర్ జెయ్యకక్కా. నువ్వు లేకుంటే మేం ఆకలికి సస్తం" అని పొద్దున్నే ధైర్యం చెప్పాడు పింటూ. డిగ్రీ రెండో ఏడు చదువుతున్న ఆ పిల్లాడంటే ఆమెకు ప్రాణం. వాడికి టైఫాయిడ్ వస్తే పదిరోజులు పక్కన కూర్చుని జావ తాగించింది.

మామూలుగా ఆదివారం వడ్డన కాగానే ఆమె ఇంటికి వెళ్లిపోతుంది. అందుకే ఈ పళ్లాల ఓటు గురించి ఆమెకు తెలియదు. పిల్లలు ఎప్పటిలాగే చేతులెత్తుతారనుకుంది. ఆ రోజు మాత్రం కాలు కదల్లేదు. వంటింట్లో కాసేపు కూర్చుంది, కాసేపు నిలబడింది, చివరికి భోజనాల గదిలోకి తొంగిచూసింది. ఓట్లేసినవాళ్లంతా వరండాలో శ్రీపాద ఉపన్యాసానికి చిక్కుకున్నారు. గదిలో బల్లల మీద నలభై రెండు పళ్లాలు, వాటి మీద ఈగలు.

ఆమెకు ఒళ్లు మండింది.

"కడిగిన పళ్లాలు గిట్ల ఇడిసిపెడ్తరా? బల్లి పడితే ఏం గావాలె!" అని గొణుక్కుంటూ ఒక్కొక్కటే బోర్లించుకుంటూ పోయింది. పద్దెనిమిది అప్పటికే బోర్లించి ఉన్నాయి. తల్లులు ఎంత బాగా పెంచారో అని ముచ్చటపడింది. అందులో పింటూ పళ్లెం కనిపించేసరికి కడుపు నిండిపోయింది. మొత్తానికి తన ఉద్యోగాన్ని తన చేత్తోనే శుభ్రంగా బోర్లించి వంటింట్లోకి వెళ్లిపోయింది.

శ్రీపాద వచ్చి లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

"సభ అనుమతితో... నలభై రెండుకు నలభై రెండు. అక్కను ఏకగ్రీవంగా తీసేసినం."

ఒక్కసారిగా గోల లేచింది. "నేను బోర్లియ్యలే!" "నేను బోర్లిస్తే నా చెయ్యి ఇరుగ!" నలభై రెండు మందీ తమది వెల్లకిలా, సీదాగానే పెట్టామని ఒట్లు పెట్టారు. "అమ్మతోడు, నాది సీదా పెట్టిన!" అని అందరికంటే గట్టిగా అరిచాడు పింటూ.

గుమ్మంలో నిలబడి వింటున్న సక్కుబాయికి అప్పటికి విషయం అర్థమైంది. "ఏందీ, పళ్లెం బోర్లిస్తే నన్ను పొమ్మన్నట్టా? అయ్యో, గవి నేనే బోర్లించిన!"

అందరూ పడీ పడీ నవ్వారు. శ్రీపాద కలం తీశాడు. "అందరూ సీదా పెట్టినమంటున్నరు గదా. అయితే అక్కను ఏకగ్రీవంగా ఉంచుతున్నం." చప్పట్లు మోగాయి. పింటూ చేతులు ఎర్రబడేలా కొడుతున్నాడు.

నోరు మూసుకుంటే ఉద్యోగం నిలిచినట్టే. కానీ ఆ చప్పట్లు చూస్తుంటే, ముందే బోర్లించి ఉన్న పింటూ పళ్లెం ఆమెకు గుర్తొచ్చింది. ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమూ వచ్చింది.

"ఆగు శ్రీపాదా, అబద్ధం రాయకు. నేను బోర్లించినయి ఇరవై నాలుగే. పద్దెనిమిది ముందుగాలనే బోర్లించి ఉండె."

చప్పట్లు ఆగిపోయాయి. "ఎవరెవరివక్కా? పేర్లు చెప్పు" అన్నాడు శ్రీపాద.

"చెప్తే గది రహస్యం ఓటు ఎట్లయితది? లా నువ్వు సదువుతున్నవా, నేను సదువుతున్ననా?"

సెక్రటరీ కలానికి మూత పెట్టేశాడు. ఆమే అందుకుంది. "పేర్లు నా కడుపులనే ఉంటయి. కని ఆ పద్దెనిమిది మంది ఒక్కొక్కరే వంటింట్లకొచ్చి, నా వంటల ఏం బాగలేదో మొకం మీద చెప్పుర్రి. పంతొమ్మిదేండ్ల సంది 'మస్తుందక్కా' అనుడే గాని, ఒక్కడన్న నిజం చెప్పిండా?"

మొదట పింటూయే వచ్చాడు, తల వంచుకుని. "పప్పుచారుల చింతపండు తగ్గియ్యక్కా. జొరమొచ్చినప్పటి సంది కడుపుల మండుతున్నది."

"గా ముచ్చట చెప్పకపోతివేందిరా?"

"నువ్వు బాధపడ్తవని."

"మరి తీసేస్తే బాధపడననుకున్నవా?"

వాడి వెనక ఇంకొకడు, వాడి వెనక ఇంకొకడు వచ్చారు. ఉప్మా ఉండకడుతోందన్నారు, వంకాయ వారానికి నాలుగుసార్లేమిటన్నారు. ఆమె ఒక్కొక్కరికీ వేలు మడుస్తూ పోయింది. ఆఖరివాడు వెళ్లేసరికి లెక్క ఇరవై ఆరు తేలింది.

పొరపాటు పడ్డానేమోనని మళ్లీ వేళ్లు మడిచి చూసుకుంది. ఇరవై ఆరే. అంటే తన వంట నచ్చకపోయినా, అక్క ఉండాల్సిందేనని పళ్లెం వెల్లకిలా పెట్టినవాళ్లు ఎనిమిదిమంది ఉన్నారు. పగలంతా ఆపుకున్న ఏడుపు ఆ ఎనిమిదిమంది కోసం వచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని, నానబెట్టిన చింతపండులో సగం తీసి పక్కన పెట్టింది.